పేగులోనూ పేగు క్యాన్సర్‌లోనూ జన్యువులను నడిపించే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

జీవశాస్త్రం చదువుతున్న విద్యార్థులు, బయాప్సీ రిపోర్టులో సీడీఎక్స్2 వంటి పేరు చూసి అదేమిటో తెలుసుకోవాలనుకొనే రోగులు, వారి కుటుంబసభ్యులు తరచుగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. పెద్దపేగు క్యాన్సర్ కణం తనకంటూ కొత్త విద్య ఏదీ నేర్చుకోదు. ఆరోగ్యంగా ఉన్న పేగు రోజూ వాడుకొనే జన్యు కార్యక్రమాన్నే ఆపకుండా నడుపుతూ పోతుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగిలిన వివరాలు సులువుగా అర్థమవుతాయి. అందుకే జవాబులలో ముందుగా ఆరోగ్యకరమైన పేగు గురించి, ఆ తరువాతే క్యాన్సర్ గురించి చెప్పాము.

ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అంటే ఏమిటి?

డీఎన్ఏ మీద ఒక నిర్దిష్టమైన అక్షరక్రమాన్ని (ఏ, సి, జి, టి అనే నాలుగు రసాయన అక్షరాల వరుసను) గుర్తుపట్టి, అక్కడ అతుక్కొని, దగ్గరలోనో దూరంలోనో ఉన్న జన్యువు నుంచి ఆర్ఎన్ఏ తయారుకావడాన్ని పెంచే లేదా తగ్గించే ప్రొటీన్‌ను ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అంటారు. అది గుర్తుపట్టే క్రమం చాలా చిన్నది, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు అక్షరాల లోపే ఉంటుంది. మనిషిలో ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20,000 ఉండగా, వాటిలో దాదాపు 1,600 జన్యువులు ఈ ఫ్యాక్టర్లను తయారుచేయడానికే ఉన్నాయి. అంటే మన జన్యువులలో పన్నెండింట ఒక వంతు మిగతా జన్యువులను అదుపు చేసే పనిలోనే ఉన్నదన్నమాట.

కంటిలోనూ కాలేయంలోనూ పేగులోనూ ఉన్న డీఎన్ఏ ఒక్కటే. కాలువ ఒకటే అయినా ఏ తూము ఎత్తితే ఆ మడే తడిసినట్టు, ఏ కణంలో ఏ ఫ్యాక్టర్లు ఉన్నాయన్నదాన్ని బట్టి ఆ కణంలో ఏ జన్యువులు పనిచేస్తాయో నిర్ణయమవుతుంది.

ఒక ఫ్యాక్టర్ డీఎన్ఏ మీద కూర్చోగానే జన్యువు పనిచేయడం మొదలుపెడుతుందా?

అంత సూటిగా జరగదు. ఆరేడు అక్షరాల క్రమం మూడు వందల కోట్ల అక్షరాల జన్యుపటలంలో లక్షల చోట్ల కనిపిస్తుంది, కానీ ఒక కణంలో ఫ్యాక్టర్ నిజంగా అతుక్కొనేది వాటిలో కొద్ది చోట్ల మాత్రమే. డీఎన్ఏ హిస్టోన్ ప్రొటీన్ల చుట్టూ బిగుతుగా చుట్టుకొని ఉన్నచోట చాలా ఫ్యాక్టర్లకు ప్రవేశం ఉండదు. ఆ చుట్టలను వదులు చేయగల ఫ్యాక్టర్లు కొన్ని ఉంటాయి. అవి ముందుగా చేరి దారి తెరిస్తే, మిగిలినవి వాటి పక్కన వచ్చి చేరుతాయి.

జన్యువు మొదట్లో ఉండే భాగాన్ని ప్రమోటర్ అంటారు. దానికి వేల, ఒక్కోసారి లక్షల అక్షరాల దూరంలో ఉండి కూడా దాన్ని ప్రేరేపించే భాగాలను ఎన్‌హాన్సర్లు అంటారు. ఎన్‌హాన్సర్ మీద ఫ్యాక్టర్లు గుంపుగా చేరినప్పుడు, మధ్యలోని డీఎన్ఏ వంగి ఎన్‌హాన్సర్ ప్రమోటర్‌కు దగ్గరవుతుంది. ఫ్యాక్టర్లు పిలిచిన సహాయక ప్రొటీన్లు హిస్టోన్లకు చుట్టలను వదులు చేసే ఎసిటైల్ గుంపులు తగిలిస్తాయి, ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైము పనిలోకి దిగుతుంది. పేగుకు సంబంధించిన నిర్ణయాలలో చాలా భాగం ఈ ఎన్‌హాన్సర్ల దగ్గరే జరుగుతాయి. అందువల్ల జన్యువును మాత్రమే చదివి ఎన్‌హాన్సర్లను వదిలేసే వివరణ ఏదైనా సగమే అవుతుందని మా అభిప్రాయం.

దీనికి మన రోజువారీ జీవితంలో కనిపించే ఉదాహరణ ఏదైనా ఉందా?

పాలు అరగడం చక్కటి ఉదాహరణ. పాలలోని లాక్టోజ్ చక్కెరను విడగొట్టే లాక్టేజ్ ఎంజైము చిన్నపేగు కణాల్లో తయారవుతుంది. పసితనంలో ఈ జన్యువు అందరిలోనూ చురుకుగా ఉంటుంది. తల్లిపాలు మానిన తరువాత ప్రపంచంలో ఎక్కువమందిలో అది క్రమంగా నెమ్మదిస్తుంది. కొందరిలో మాత్రం జీవితాంతం పనిచేస్తూనే ఉంటుంది.

ఈ తేడా లాక్టేజ్ జన్యువులో లేదు. ఆ జన్యువు మొదలయ్యే చోటికి 13,910 అక్షరాల ముందు, ఎంసీఎం6 అనే పొరుగు జన్యువు లోపల ఒక ఎన్‌హాన్సర్ ఉంది. అక్కడ సి అనే అక్షరం బదులు టి ఉన్నవారిలో ఆక్ట్1 అనే ఫ్యాక్టర్ ఆ చోటును మరింత గట్టిగా పట్టుకొంటుంది. ఆ చుట్టుపక్కలే పేగుకు చెందిన హెచ్ఎన్ఎఫ్1ఏ, సీడీఎక్స్2, గాటా ఫ్యాక్టర్లు చేరే స్థలాలు కూడా ఉన్నాయి. ఈ తేడాను 2002లో ఫిన్లాండ్ కుటుంబాలలో గుర్తించారు. పదేళ్ళ తరువాత, హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకొన్న అధ్యయనం యూరప్‌లో కనిపించే ఆ టి అక్షరమే భారతదేశంలోనూ ఉన్నదని, అది వాయవ్య రాష్ట్రాలలో ఎక్కువగా, దక్షిణాన తక్కువగా కనిపిస్తుందని తేల్చింది. గ్లాసుడు పాలు తాగితే కడుపు ఉబ్బరించే పెద్దవారు మన ఇళ్ళలో చాలామంది ఉండడానికి ఇదొక కారణం. పెరుగు, మజ్జిగ వారికి అంత ఇబ్బంది పెట్టకపోవడానికి కారణం వేరు: తోడు వేసినప్పుడు చేరే బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత భాగాన్ని ముందే ఖర్చు చేసి ఉంటుంది.

పేగు కణాన్ని పేగు కణంగా నిలబెట్టే ఫ్యాక్టర్ ఏది?

ఒక్కటే అని చెప్పలేము, కానీ ముందుగా చెప్పుకోవలసినది సీడీఎక్స్2. ఈగ పిండంలో వెనుక భాగాన్ని నిర్దేశించే కాడల్ అనే జన్యువుకు ఇది మన శరీరంలోని బంధువు. దీని శక్తి ఎంతటిదో చిట్టెలుకల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. పిండదశలో తొలిరోజుల్లోనే పేగు పొర నుంచి సీడీఎక్స్2ను తొలగించినప్పుడు, 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పేగు ఏర్పడవలసిన చోట అన్నవాహికను పోలిన పొర ఏర్పడింది. కాస్త ఆలస్యంగా తొలగిస్తే జీర్ణాశయ లక్షణాలు బయటపడ్డాయి. దీనికి తిరగేసిన ప్రయోగం కూడా ఉంది: 2002లో చిట్టెలుకల జీర్ణాశయంలో సీడీఎక్స్2ను కృత్రిమంగా తయారయ్యేలా చేసినప్పుడు, అక్కడ శ్లేష్మాన్ని స్రవించే పేగు తరహా కణాలు పుట్టుకొచ్చాయి.

సీడీఎక్స్2కు తోడుగా హెచ్ఎన్ఎఫ్4ఏ, హెచ్ఎన్ఎఫ్4జీ, గాటా4, గాటా6 వంటివి పనిచేస్తాయి. సీడీఎక్స్2 విభజన చెందే కణాల్లో ఒకచోట, పరిణతి చెందిన కణాల్లో మరొకచోట అతుక్కొంటుంది. పరిణతి చెందిన కణాల్లో అది కూర్చున్న చోట్ల పక్కన హెచ్ఎన్ఎఫ్4ఏ ఎక్కువగా కనిపిస్తుంది. అంటే ఒకే ఫ్యాక్టర్ తోటివారు మారితే వేరే పని చేస్తుంది. ఈ రంగంలో చాలా గందరగోళం ఈ సంగతిని మరచిపోవడం వల్లనే వస్తుంది.

చిన్నపేగు మొదటి భాగానికీ చివరి భాగానికీ తేడా ఎలా వస్తుంది?

ఇక్కడ గాటా4 ముఖ్యపాత్ర వహిస్తుంది. అది చిన్నపేగు మొదటి, మధ్య భాగాలలో ఉంటుంది, చివరి భాగమైన ఇలియంలో దాదాపు ఉండదు. చిట్టెలుక పేగులో గాటా4ను తొలగిస్తే మధ్యభాగపు కణాలు ఇలియం కణాల్లా ప్రవర్తిస్తూ, అక్కడ పీల్చుకోకూడని పైత్యలవణాలను పీల్చుకోవడం మొదలుపెడతాయి.

పేగు పొర కొద్ది రోజులకోసారి మారిపోతుందంటారు, నిజమేనా?

నిజమే. పేగు లోపలి పొరలోని కణాల్లో చాలా వరకు మూడు నుంచి ఐదు రోజులకు మించి ఉండవు. చిన్నపేగులో వేళ్ళలా పైకి పొడుచుకొచ్చిన ఆంత్రచూషకాలు ఉంటాయి, వాటి పాదాల దగ్గర క్రిప్టులనే చిన్న గుంటలు ఉంటాయి. పెద్దపేగులో ఆంత్రచూషకాలు ఉండవు, క్రిప్టులే ఉంటాయి. ప్రతి గుంట అడుగునా కొన్ని మూలకణాలు నివసిస్తాయి. అవి విభజన చెందుతూ ఉంటే వాటి సంతానం గోడ వెంబడి పైకి జరుగుతూ, జరిగేకొద్దీ విభజన మానేసి, పీల్చుకొనే కణాలుగానో స్రవించే కణాలుగానో మారి, చివరకు పై అంచున రాలిపోతుంది. సూక్ష్మజీవులను చంపే పదార్థాలను స్రవిస్తూ అడుగునే ఉండిపోయే పానెత్ కణాలు మాత్రం ఈ ప్రయాణానికి మినహాయింపు.

ఆ మూలకణాలను ఎల్‌జీఆర్5 అనే గుర్తుతో 2007లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో హన్స్ క్లీవర్స్ ప్రయోగశాల గుర్తించింది. ఎల్‌జీఆర్5 జన్యువు కూడా ఒక ప్రొటీన్ల జంట అదుపులో పనిచేసేదే. ఆ జంటే తరువాతి ప్రశ్న.

డబ్ల్యూఎన్‌టీ, బీటా-క్యాటెనిన్, టీసీఎఫ్4 అనే మాటలు ప్రతిచోటా ఎందుకు వస్తాయి?

పేగు మూలకణాన్ని మూలకణంగా ఉంచేది ఈ మూడింటి వరుసే కనుక.

క్రిప్టు అడుగున పానెత్ కణాలు, పొర కింద ఉండే సంధాయక కణాలు డబ్ల్యూఎన్‌టీ అనే సంకేత ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. ఆ సంకేతం లేనప్పుడు కణంలో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. బీటా-క్యాటెనిన్ అనే ప్రొటీన్ నిరంతరం తయారవుతూనే ఉంటుంది, కానీ ఏపీసీ, ఆక్సిన్, జీఎస్‌కే3 వంటి ప్రొటీన్ల ముఠా దాన్ని పట్టుకొని, దానికి ఫాస్ఫేట్ గుర్తు వేసి, కణం తన చెత్తను విడగొట్టే ప్రొటియాసోమ్‌కు పంపించివేస్తుంది. కేంద్రకంలో టీసీఎఫ్4 అనే ఫ్యాక్టర్ డీఎన్ఏ మీద తన స్థానంలో కూర్చొనే ఉంటుంది, కాకపోతే దాని పక్కన గ్రౌచో అనే అణచివేత ప్రొటీన్ ఉండి జన్యువులను పనిచేయనివ్వదు.

డబ్ల్యూఎన్‌టీ సంకేతం అందగానే ముఠా పని ఆగిపోతుంది. బీటా-క్యాటెనిన్ పోగుపడి కేంద్రకంలోకి వెళ్ళి, టీసీఎఫ్4ను కలుస్తుంది. బీటా-క్యాటెనిన్‌కు డీఎన్ఏను పట్టుకొనే శక్తి లేదు, టీసీఎఫ్4కు ఒంటరిగా జన్యువును మేల్కొలిపే శక్తి లేదు. రెండూ కలిసినప్పుడే ఎల్‌జీఆర్5, ఆస్క్ల్2, కణ విభజనను పురికొల్పే మిక్ వంటి జన్యువులు పనిలోకి దిగుతాయి. కణం పైకి జరిగి సంకేతానికి దూరమైనకొద్దీ బీటా-క్యాటెనిన్ తగ్గుతుంది, విభజన ఆగుతుంది, పరిణతి మొదలవుతుంది. 1998లో టీసీఎఫ్4 జన్యువు లేని చిట్టెలుకలను పుట్టించినప్పుడు వాటి చిన్నపేగులో విభజన చెందే కణాలే మిగలలేదు, అవి పుట్టిన కొద్దికాలానికే చనిపోయాయి.

ఒకే మూలకణం నుంచి ఇన్ని రకాల కణాలు ఎలా వస్తాయి?

తొలి నిర్ణయం రెండు ఫ్యాక్టర్ల మధ్య జరుగుతుంది. పక్క కణం నుంచి నాచ్ సంకేతం అందిన కణంలో హెస్1 తయారై, ఏటీఓహెచ్1 జన్యువును అణచివేస్తుంది; ఆ కణం ఆహారాన్ని పీల్చుకొనే కణంగా మారుతుంది. నాచ్ అందని కణంలో ఏటీఓహెచ్1 నిలబడుతుంది. అది శ్లేష్మం స్రవించే గాబ్లెట్ కణం, పానెత్ కణం, లేదా హార్మోన్లను విడుదల చేసే కణం అయ్యే దారిలో పడుతుంది. ఏటీఓహెచ్1 లేని చిట్టెలుకలలో స్రవించే కణాలు ఏ ఒక్క రకమూ ఏర్పడవని 2001లో తేలింది.

ఆ తరువాతి మలుపులలో న్యూరోజీ3 హార్మోను కణాలను, సాక్స్9 పానెత్ కణాలను, కేఎల్ఎఫ్4, ఎస్పీడీఈఎఫ్ గాబ్లెట్ కణాలను తీర్చిదిద్దుతాయి. న్యూరోజీ3 జన్యువులో పుట్టుకతోనే లోపం ఉన్న పిల్లలకు పేగులో హార్మోను కణాలు దాదాపు ఉండవు, పుట్టిన తొలిరోజుల నుంచే తీవ్రమైన విరేచనాలు పట్టుకొంటాయి. ఒక్క ఫ్యాక్టర్ లోపిస్తే పసిబిడ్డ ఎంత బాధ పడవలసి వస్తుందో తెలిసినప్పుడు ఈ పేర్లు ఉత్త సంకేతాక్షరాలుగా కనిపించవు.

పెద్దపేగు క్యాన్సర్‌లో మొదట చెడేది ఏది?

చాలా సందర్భాలలో ఏపీసీ. పైన చెప్పిన ముఠాలో ఇదే కీలకం. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 80 శాతం కణితులలో ఏపీసీ రెండు ప్రతులూ చెడిపోయి ఉంటాయి. అది లేకపోతే డబ్ల్యూఎన్‌టీ సంకేతం అందినా అందకపోయినా బీటా-క్యాటెనిన్ నశించదు, టీసీఎఫ్4 పక్కన శాశ్వతంగా చేరిపోతుంది. కణం క్రిప్టు పైకి జరిగినా తాను ఇంకా అడుగునే ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. విభజన ఆగదు, రాలిపోవలసిన సమయానికి రాలిపోదు. అలా పోగుపడిన కణాలే కంటికి కనిపించే తొలి పాలిప్ (పేగు పొర మీద లేచే చిన్న గడ్డ) అవుతాయి.

ఏపీసీ జన్యువును 1991లో గుర్తించారు. ఏపీసీ చెడిన క్యాన్సర్ కణాల్లో టీసీఎఫ్4 ఎడతెగకుండా పనిచేస్తున్నదని 1997లో హన్స్ క్లీవర్స్, బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందాలు కలిసి చూపించాయి. మరుసటి ఏడాది టీసీఎఫ్4, బీటా-క్యాటెనిన్ జంట నడిపించే జన్యువులలో మిక్ ఒకటని తెలిసింది. 2002లో ఇంకో ముఖ్యమైన సంగతి బయటపడింది: క్యాన్సర్ కణాల్లో ఈ జంటను అడ్డుకొంటే అవి విభజన ఆపి, పరిణతి చెందిన పేగు కణాల లక్షణాలు చూపించాయి. ఆ కణాల్లో ఆగకుండా నడుస్తున్న జన్యువులు, ఆరోగ్యకరమైన క్రిప్టు అడుగున పనిచేసే జన్యువులు చాలా వరకు ఒకటే.

అన్నిటికంటే మనసుకు పట్టే ఫలితం 2015లో వచ్చింది. చిట్టెలుకలలో ఏపీసీని కోరినప్పుడు ఆపి, కోరినప్పుడు తిరిగి పనిచేయించే ఏర్పాటు చేసి, పెద్దపేగులో కణితులు పెరిగిన తరువాత ఏపీసీని తిరిగి పనిచేయించారు. కణితి కణాలు పరిణతి చెందాయి, కణితులు కరిగిపోయాయి, క్రిప్టులు మామూలు స్థితికి వచ్చాయి. ఈ క్యాన్సర్‌లో తరచుగా చెడే కేరాస్, పీ53 జన్యువులు కూడా చెడి ఉన్న కణితులు సైతం అలాగే తగ్గాయి.

మిక్ జన్యువుకు దూరంగా ఉన్న ఒక్క అక్షరం క్యాన్సర్ ముప్పును పెంచుతుందని విన్నాను. అదెలా సాధ్యం?

ఎనిమిదో క్రోమోజోమ్ మీద మిక్ జన్యువు నుంచి సుమారు 3,35,000 అక్షరాల దూరంలో, ప్రొటీన్ తయారుచేసే జన్యువేదీ లేని చోట, కొందరిలో జి అక్షరం, కొందరిలో టి అక్షరం ఉంటుంది. జి ఉన్నవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కాస్త ఎక్కువ. జన్యువులేని చోట అక్షరం మారితే ఏమవుతుందన్న సందేహం సహజమే. 2009లో జవాబు దొరికింది: ఆ చోటు ఒక ఎన్‌హాన్సర్, ఆ అక్షరం టీసీఎఫ్4 గుర్తుపట్టే క్రమం మధ్యలో ఉంది, జి ఉన్నప్పుడు టీసీఎఫ్4 దాన్ని మరింత గట్టిగా పట్టుకొంటుంది.

చిట్టెలుకలలో ఆ ఎన్‌హాన్సర్‌కు సమానమైన భాగాన్ని 2012లో పూర్తిగా తొలగించారు. అవి ఆరోగ్యంగానే పెరిగాయి. కానీ ఏపీసీ లోపం వల్ల పేగులో పాలిప్‌లు రావలసిన చిట్టెలుకలలో ఆ భాగం లేనప్పుడు పాలిప్‌లు బాగా తగ్గిపోయాయి. అంటే ఆ ఎన్‌హాన్సర్ లేకపోయినా మామూలు పేగుకు లోటు కనిపించలేదు గాని, కణితికి మాత్రం దాని అవసరం ఉంది. ఆ అక్షరం వల్ల ఒక్కొక్క వ్యక్తికి పెరిగే ముప్పు చాలా స్వల్పం. కాబట్టి దానికోసం ప్రత్యేకంగా జన్యుపరీక్ష చేయించుకోవలసిన పని లేదు.

పీ53, స్మాడ్4 కూడా ఈ కోవలోనివేనా?

అవును, రెండూ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లే. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు పీ53 స్థిరపడి, విభజనను ఆపే పీ21ను, కణం తనంతట తాను చనిపోయేలా చేసే ప్యూమా, బ్యాక్స్ జన్యువులను పనిచేయిస్తుంది. పెద్దపేగు క్యాన్సర్లలో సగానికి పైగా దానిలో ఉత్పరివర్తనలు (జన్యు అక్షరాలలో వచ్చే మార్పులు) ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం పీ53 డీఎన్ఏను పట్టుకొనే భాగంలోనే రావడం గమనించదగినది. ప్రొటీన్‌లోని 248, 273 స్థానాలలో ఉండే ఆర్జినిన్ అమైనో ఆమ్లాలు నేరుగా డీఎన్ఏను తాకుతాయి. అవి మారిపోతే ప్రొటీన్ తయారవుతుంది కానీ తన చోటును పట్టుకోలేదు.

స్మాడ్4 టీజీఎఫ్-బీటా, బీఎంపీ సంకేతాలను కేంద్రకానికి చేరవేసి, విభజన చాలించి పరిణతి చెందమనే జన్యువులను నడుపుతుంది. అది పోయిన కణితులు తరచుగా ముదిరిన దశలో కనిపిస్తాయి. 2015లో రెండు బృందాలు ఆరోగ్యకరమైన మనిషి పేగు కణాలను ప్రయోగశాలలో పెంచి, ఏపీసీ, కేరాస్, పీ53, స్మాడ్4 జన్యువులను ఒకదాని తరువాత ఒకటి మార్చగా, ఆ కణాలు బయటి పోషక సంకేతాలేవీ లేకుండానే పెరగగలిగాయి. కేరాస్ స్వయంగా ఫ్యాక్టర్ కాదు, కానీ దాని సంకేతం కూడా చివరికి ఏపీ-1, ఈటీఎస్ అనే ఫ్యాక్టర్ల దగ్గరికే చేరుతుంది.

బయాప్సీ రిపోర్టులో సీడీఎక్స్2 పాజిటివ్ అని రాశారు. దానర్థం ఏమిటి?

కణితి కణాలు పేగు గుర్తింపును ఇంకా నిలుపుకొన్నాయని అర్థం. పెథాలజిస్టు కణజాలాన్ని పలుచని పొరగా కోసి, సీడీఎక్స్2ను మాత్రమే పట్టుకొనే ప్రతిదేహాన్ని (యాంటీబాడీని) దానిపై పోసి, ఆ ప్రతిదేహం అతుక్కొన్న చోట గోధుమరంగు వచ్చేలా చేస్తారు. మిగిలిన కేంద్రకాలు నీలంగా ఉంటాయి. సీడీఎక్స్2 ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ కాబట్టి గోధుమరంగు కేంద్రకంలోనే రావాలి. కణద్రవ్యంలో మాత్రమే కనిపించే మసక రంగును లెక్కలోకి తీసుకోరు.

కాలేయంలోనో ఊపిరితిత్తులలోనో గడ్డ కనిపించి, అది ఎక్కడ పుట్టిందో తెలియనప్పుడు ఈ పరీక్ష ఎంతో ఉపయోగపడుతుంది. కణానికి ఆకృతినిచ్చే సైటోకెరటిన్ ప్రొటీన్లలో సైటోకెరటిన్ 20 పాజిటివ్, సైటోకెరటిన్ 7 నెగటివ్ అనీ, సీడీఎక్స్2 పాజిటివ్ అనీ వస్తే పెద్దపేగులో వెతకాలని సూచన. అయితే జీర్ణాశయం, క్లోమం, అండాశయంలో పుట్టిన కొన్ని కణితులలో కూడా సీడీఎక్స్2 ఉండవచ్చు కనుక ఈ ఒక్క గుర్తుతో ఎవరూ తీర్పు చెప్పరు. చాలాచోట్ల ఎస్ఏటీబీ2 అనే మరో కేంద్రక ప్రొటీన్‌ను కూడా కలిపి చూస్తారు.

సీడీఎక్స్2 నెగటివ్ అయితే భయపడాలా?

పెద్దపేగు క్యాన్సర్లలో చాలా వరకు సీడీఎక్స్2ను నిలుపుకొంటాయి, కొన్నింటిలో దాని జన్యు ప్రతులు పెరుగుతాయి కూడా. దాన్ని పోగొట్టుకొన్న చిన్న వర్గం మాత్రం కాస్త మొండిగా ప్రవర్తిస్తుంది. 2016లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, రెండో దశలోనే ఉన్నప్పటికీ సీడీఎక్స్2 లేని కణితులు ఉన్నవారిలో, శస్త్రచికిత్స తరువాత కీమోథెరపీ తీసుకొన్న 23 మందిలో 91 శాతం ఐదేళ్ళపాటు వ్యాధి లేకుండా ఉండగా, తీసుకోని 25 మందిలో 56 శాతం మాత్రమే అలా ఉన్నారు. ఈ సంఖ్యలు చిన్నవి, పైగా రోగులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీసి చేసిన పరీక్ష కాదు. కాబట్టి దీన్ని వైద్యునితో చర్చించవలసిన ముఖ్యమైన సమాచారంగా చూడాలే తప్ప, చికిత్సకు ఆదేశంగా చూడకూడదు. రెండో దశ రోగులకు కీమోథెరపీ అవసరమా కాదా అన్నది మామూలుగానే కష్టమైన నిర్ణయం. అటువంటి చోట ఒక ఫ్యాక్టర్ ఉనికి కొంత వెలుగునివ్వడం మాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది.

జీర్ణాశయంలో పేగు కణాలు కనిపించాయని ఎండోస్కోపీ రిపోర్టులో రాశారు. అది క్యాన్సరా?

కాదు. దానిని ఇంటెస్టినల్ మెటాప్లేసియా అంటారు. హెలికోబ్యాక్టర్ పైలోరి బ్యాక్టీరియా వల్ల ఏళ్ళ తరబడి వాపు ఉన్న జీర్ణాశయంలో సీడీఎక్స్2 తయారవడం మొదలై, పేగు తరహా కణాలు ఏర్పడతాయి. ఆమ్లం పైకి ఎగదన్నడం వల్ల అన్నవాహిక చివరన ఏర్పడే బారెట్ మార్పులోనూ సీడీఎక్స్2 కనిపిస్తుంది. క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది కనుక వైద్యులు బ్యాక్టీరియాకు చికిత్స చేసి, అవసరాన్ని బట్టి మళ్ళీ ఎండోస్కోపీ చేయించుకొమ్మంటారు.

ఆహారం, మందులు ఈ ఫ్యాక్టర్లను ప్రభావితం చేస్తాయా?

కొన్నింటిని నేరుగా చేస్తాయి. కేంద్రక గ్రాహకాలు అనే వర్గం చిన్న అణువులను పట్టుకొని పనిచేస్తుంది. విటమిన్ డి గ్రాహకం అటువంటిదే: చురుకైన విటమిన్ డి దానికి అతుక్కొన్నప్పుడు కాల్షియాన్ని పేగు కణంలోకి తీసుకొనే ట్రిప్‌వీ6 వంటి జన్యువులు చురుకవుతాయి.

మన దేశంలో మరీ ముఖ్యమైన ఉదాహరణ క్షయ మందు రిఫాంపిసిన్. అది పీఎక్స్ఆర్ అనే గ్రాహకాన్ని మేల్కొలిపి, పేగులోనూ కాలేయంలోనూ సీవైపీ3ఏ4 ఎంజైమును పెంచుతుంది. ఆ ఎంజైము ఎన్నో మందులను విరగ్గొడుతుంది కాబట్టి, రిఫాంపిసిన్ వాడుతున్న స్త్రీలలో గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గుతుంది. క్షయ చికిత్స మొదలుపెట్టేటప్పుడు తాము వాడే మాత్రలన్నిటి గురించి వైద్యునికి తప్పకుండా చెప్పాలి.

టీసీఎఫ్4కూ మధుమేహానికీ సంబంధం ఉన్నదా?

ఉన్నది. దాన్ని తయారుచేసే జన్యువు పేరు టీసీఎఫ్7ఎల్2. ఆ జన్యువులోని కొన్ని సాధారణ తేడాలకు రెండో రకం మధుమేహంతో బలమైన సంబంధం ఉన్నదని 2006లో ఐస్‌లాండ్ పరిశోధకులు తెలిపారు. మరుసటి ఏడాది హైదరాబాదు సీసీఎంబీ పరిశోధకులు భారతీయులలోనూ అదే నిర్ధారించారు. మధుమేహపు ముప్పు తేడాలు, పైన చెప్పిన మిక్ దగ్గరి అక్షరం వేర్వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

ఏ ఫ్యాక్టర్ ఎక్కడ అతుక్కొన్నదో శాస్త్రవేత్తలకు ఎలా తెలుస్తుంది?

చిప్-సీక్ అనే పద్ధతిలో, బతికి ఉన్న కణాల్లోని ప్రొటీన్లను ఫార్మాల్డిహైడ్‌తో డీఎన్ఏకు అంటించి, డీఎన్ఏను ముక్కలు చేసి, కావలసిన ఫ్యాక్టర్‌ను ప్రతిదేహంతో బయటికి లాగుతారు. దానితోపాటు వచ్చిన ముక్కలను చదివితే అది కూర్చున్న చోట్లు తెలుస్తాయి. అతుక్కొన్న చోటల్లా పనిచేస్తున్నట్టు కాదు కాబట్టి, ఆ ఎన్‌హాన్సర్‌ను తొలగించి చూసే ప్రయోగమే అసలైన రుజువు. క్లీవర్స్ ప్రయోగశాలలో పనిచేసిన తోషిరో సాతో 2009లో ఒకే మూలకణం నుంచి ఆర్గనాయిడ్ అనే చిన్నపాటి పేగును గాజుపాత్రలో పెంచి చూపిన తరువాత, అటువంటి పరీక్షలు మనిషి కణాల మీద కూడా చేయడం సాధ్యమైంది.

ఇంత తెలిసినప్పుడు బీటా-క్యాటెనిన్‌ను ఆపే మందు ఎందుకు రాలేదు?

రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది ఆకారం. మందు అణువు ఇమడడానికి ప్రొటీన్‌లో లోతైన గుంట కావాలి. ఎంజైములకు అది ఉంటుంది. బీటా-క్యాటెనిన్, టీసీఎఫ్4 ఒకదాన్నొకటి పట్టుకొనే తలం పొడవుగా, విశాలంగా ఉంటుంది, చిన్న అణువు దాన్ని విడదీయలేదు. అలాగని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లన్నీ మందులకు లొంగనివి కావు: రొమ్ము క్యాన్సర్‌లో టామాక్సిఫెన్ అడ్డుకొనే ఈస్ట్రోజెన్ గ్రాహకం ఫ్యాక్టరే, మూత్రపిండ క్యాన్సర్ కోసం 2021లో అనుమతి పొందిన బెల్జుటిఫాన్ అడ్డుకొనే హిఫ్-2 ఆల్ఫా కూడా ఫ్యాక్టరే. వాటిలో అణువు ఇమిడే గుంటలు ఉన్నాయి.

రెండో కారణం ఇంకా కఠినమైనది. కణితి వాడుకొంటున్నది ఆరోగ్యకరమైన మూలకణం వాడుకొనే కార్యక్రమాన్నే. టీసీఎఫ్4 లేని చిట్టెలుకలకు పట్టిన గతి పైన చూశాము. డబ్ల్యూఎన్‌టీ దారిని మొత్తంగా మూసే మందులు పేగు పొరనూ ఎముకలనూ దెబ్బతీయడం అందుకే. నాచ్ విషయంలోనూ ఇదే జరిగింది. దాన్ని అడ్డుకొనే గామా-సెక్రటేజ్ నిరోధకాలు ఇచ్చిన జంతువులలో విభజన చెందవలసిన క్రిప్టు కణాలన్నీ గాబ్లెట్ కణాలుగా మారిపోయాయి. కాబట్టి మామూలు పేగుకు అవసరం లేకుండా, కణితికి మాత్రమే అవసరమైన ఎన్‌హాన్సర్లను, సహాయక ప్రొటీన్లను వెతకడమే సరైన దారి అని మేము భావిస్తున్నాము. మిక్‌కు దూరంగా ఉన్న ఆ ఎన్‌హాన్సర్ అటువంటివి ఉన్నాయనడానికి సాక్ష్యం.

మా కుటుంబంలో చాలామందికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. మేము ఏం చేయాలి?

ఏపీసీలో పుట్టుకతోనే లోపం వచ్చే వ్యాధిని ఎఫ్ఏపీ (ఫెమీలియల్ అడెనోమాటస్ పాలిపోసిస్) అంటారు. వీరికి కౌమారం నుంచే పెద్దపేగులో వందల, వేల పాలిప్‌లు పెరుగుతాయి. చికిత్స చేయకపోతే 40 ఏళ్ళు వచ్చేసరికి దాదాపు అందరికీ క్యాన్సర్ వస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. అందువల్ల రోగి రక్తంలో ఏపీసీ ఉత్పరివర్తన ఏదో ముందు గుర్తించి, తరువాత అదే ఉత్పరివర్తన కోసం కుటుంబసభ్యులను పరీక్షిస్తారు. లేనివారికి అదనపు పరీక్షలు అక్కరలేదు. ఉన్న పిల్లలకు 10 నుంచి 15 ఏళ్ళ మధ్య మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్ళకో కొలనోస్కోపీ చేస్తూ, పాలిప్‌లు మరీ పెరిగినప్పుడు పెద్దపేగును తొలగిస్తారు. కుటుంబంలో పాలిప్‌లు ఎక్కువగా లేకుండానే చిన్న వయసులో క్యాన్సర్లు వచ్చి ఉంటే లించ్ సిండ్రోమ్ కావచ్చు. అందులో లోపం డీఎన్ఏ తప్పులను దిద్దే జన్యువులలో ఉంటుంది, పరీక్షలు, వాటి వేళలు వేరుగా ఉంటాయి. జన్యు సలహాదారు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఎవరికి ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చిందో తాతముత్తాతల దాకా రాసుకొని, దొరికిన పాత బయాప్సీ రిపోర్టులన్నీ వెంట తీసుకువెళ్ళండి.